వంత పాడినవాళ్ళు

మా అమ్మ పేర్చే బతుకమ్మ ఎప్పుడూ బంతిపూలదే. బొంబాయిలో ఖోలీకొక కుటుంబం, అంటే గదికొక కుటుంబం, ఉండే మా చాల్‌లో మిగతా అందరి తాంబాళాల్లో తెల్లటి గునుగు, పచ్చటి తంగేడు వరసలు వరసలుగా లేస్తే, మా అమ్మది మాత్రం గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట కొన్న బంతిపూలతో ఒంటరిగా, పొట్టిగా ఉండేది. నాకు చిన్నప్పటి నుంచీ అదొక నామోషీ. ఎందుకంటే గునుగూ తంగేడూ మాకు కొనక్కర్లేదు. కింది అంతస్తులో ఉండే మేస్త్రీ ప్రతి ఏడూ బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు పాలమూరు పోయి, బస్సు టాపు మీద గంపలకు గంపలు పువ్వులు వేసుకుని వచ్చి, చాల్‌లో ఖోలీ ఖోలీకీ ఊరికే పంచేవాడు. మా అమ్మ ఒక్కతే తీసుకునేది కాదు. ఎందుకే అంటే, "మనకు కొనుక్కునే తాకత్ ఉంది" అనేది. ఉప్పు కూడా అరువు తెచ్చుకునే ఇంట్లో ఆ మాట వినడానికి బాగానే ఉండేది.

మా అమ్మకు అనుమానం ఎక్కువ. పాలల్లో నీళ్ళున్నాయని ఎవరైనా అనుమానిస్తారు. ఆమె నల్లానీళ్ళను కూడా గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూసేది. గుళ్ళో ప్రసాదం పెడితే ముందు వాసన చూసి తర్వాత కళ్ళకద్దుకునేది. ఆ గుణం నాకు పొల్లుపోకుండా వచ్చింది. కాకపోతే ఆమె దాన్ని ఇంట్లో వాడుకుంది, నేను దానితో యూనివర్సిటీకి వెళ్ళాను.

ఎనభైల నడిమి సంవత్సరాల మాట. కామాటిపురాలో ఒళ్ళమ్ముకునే ఇళ్ళలో బతికే ఆడవాళ్ళమీద జరిగే దౌర్జన్యం, వాళ్ళకున్న హక్కులు నా పరిశోధన అంశం. పొద్దున లైబ్రరీ, మధ్యాహ్నం ఆ గల్లీలు, సాయంత్రం ఒక మహిళా సంఘం ఆఫీసులో కేసుల పని. ఆ గల్లీలు నాకు దూరం కాదు. మా చాల్ వెనక గోడ దిగితే వాళ్ళ గల్లీనే. రాళ్ళు మోయడానికీ గోడలు కట్టడానికీ ఈ ఊరికొచ్చిన మా తాతలకు ఇక్కడే చోటు దొరికింది, ఆ ఇళ్ళకూ ఇక్కడే దొరికింది. అందుకని మా వాళ్ళు తలుపుల మీద సుద్దతో 'ఫ్యామిలీ రూమ్' అని రాసుకునేవారు. మా ఆడవాళ్ళు ఆ గల్లీగుండా నాగ్‌పాడా బజారుకు పోయేటప్పుడు కళ్ళు నేలకు దించి, కొంగు చెంపకు లాక్కుని, ఎవరో తరుముతున్నట్టు నడిచేవారు. నా చదువు గురించి ఎవరైనా అడిగితే మా అమ్మ, "జనాభా లెక్కల పని" అని చెప్పేది.

ఆ ఇళ్ళలో తెలుగువాళ్ళు చాలామందే ఉండేవారు, అందులోనూ పాలమూరు వైపు వాళ్ళు. వాళ్ళ మాట నాకొచ్చు కాబట్టి పని తేలికవుతుందనుకున్నాను. తేలిక కాలేదు. చెయ్యిమీద వాత ఎట్లా పడిందని అడిగితే మెట్ల మీంచి పడ్డానని చెప్పేవారు. కన్ను ఎందుకు వాచిందంటే మెట్ల మీంచి పడ్డాను. ఆ ఇళ్ళ మెట్లంత పాపిష్టి మెట్లు బొంబాయిలో ఎక్కడా ఉండవు కాబోలు. ఇక ఈ ఊరికి నిన్ను ఎవరు తెచ్చారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు.

"నన్నెవ్వలు తోల్కరాలే. నేనే వచ్చిన."

ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఏ ఇంట్లో అడిగినా అవే మాటలు, అదే వరసలో. నా గైడు సారు మాత్రం సంతోషపడ్డారు. జవాబులు ఒకేలా వస్తున్నాయంటే సమాచారం గట్టిదన్నమాట అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చాల్‌లో పుట్టిన మనిషికి ఆ లెక్క నచ్చదు. పదిమంది ఒకే మాట ఒకే తీరుగా అన్నారంటే దాన్ని ఎవరో నేర్పించి ఉండాలి. ఎవరు నేర్పిస్తున్నారో నాకు అంతుపట్టలేదు. ఇంటి యజమానురాలిని, అక్కడి మాటలో ఘర్‌వాలీని, అనుమానించాను. పోలీసులను అనుమానించాను. మా సంఘంలోనే ఎవరో మాటలు మోస్తున్నారేమోనని కూడా అనుమానించాను.

ఆ ఆడవాళ్ళలో ఒకామె నన్ను చూడగానే నవ్వేది. ముప్పై ఏళ్ళుంటాయి. కంచు గొంతు. గడప మీద కూర్చుని వక్క కొరుకుతూ, "వచ్చిండ్రా మేడం? ఇయ్యాల ఏం పరీక్ష?" అనేది. గదువ మీద, అంటే గడ్డం మీద, మూడు పచ్చబొట్టు చుక్కలు, ముక్కోణంగా. ఎన్ని మధ్యాహ్నాలు పక్కన కూర్చున్నా ఊరి వానల గురించి, ఉల్లిగడ్డ ధర గురించి తప్ప ఏమీ చెప్పేది కాదు. అడిగితే మళ్ళీ అదే పాఠం: నేనే వచ్చిన.

పెత్రమాస ముందు ఒక మధ్యాహ్నం ఆమే నన్ను అడిగింది.

"మీ చాల్‌కు తంగేడు పువ్వొచ్చిందా?"

వచ్చిందన్నాను. మేస్త్రీ నిన్ననే ఊరి నుంచి దిగాడని చెప్పాను.

"పువ్వొక్కటే వచ్చిందా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. వక్క కొరకడం ఆపేసింది. మేస్త్రీ ఇంట్లో ఒక పిల్ల కూడా దిగిందని, ఇరవై ఏళ్ళ మనిషి, మొగుడు వదిలేస్తే కూలిపనికి వచ్చిందట, దసరా దాకా చుట్టంలాగా ఉంచి తర్వాత పనిలో పెడతాడట అని, మా చాల్‌లో అందరూ అనుకునే మాటే నేనూ చెప్పాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వచ్చేవారు కూడా. పువ్వులూ అతనే తెచ్చేవాడు, కూలి మనుషులనూ అతనే తెచ్చేవాడు. మావాళ్ళకు ఆ రెండూ పుణ్యకార్యాలే.

"ఆ పిల్లకు గదువ మీద సుక్కలున్నయా?" అంది.

ఉన్నాయి. పొద్దున నల్లా దగ్గర చూశాను. మూడు చుక్కలు, ముక్కోణంగా. ఆ సంగతి చెప్తూ చెప్తూ ఆమె గదువ వైపు చూసి ఆగిపోయాను.

ఆమె చేతిలోని వక్క పక్కన పెట్టింది. తర్వాత చాలా మెల్లగా, "నన్ను గూడ పువ్వుల బస్సుల్నే తెచ్చిండు," అంది. "అది నా చెల్లె. నేను ఊరిడిసినప్పుడు లంగా కట్టుకునేది. అమ్మనే మా ఇద్దరికి ఆ సుక్కలు పొడిపిచ్చింది."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆ చాల్ పిల్లవు గదా. ఆయన మనిషివనుకున్నం. నోరిప్పుతరా లేదా అని నిన్ను పంపి సూస్తుండనుకున్నం. ఎవలన్న అడిగితే గిట్ల చెప్పుండ్రి అని ఆయనే నేర్పిండు. అడిగినోళ్ళల్ల నువ్వే ఎక్కువ అడుగుతుంటివి."

అంటే నేను ఇంటింటికీ తిరిగి ఎవరు నేర్పారో కనిపెట్టాలని చూస్తుంటే, వాళ్ళందరి లెక్కలో నేర్పినవాడి తరఫున పరీక్ష పెడుతున్నది నేనే. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

దసరా తర్వాత చెల్లెల్ని ఏ పనిలో పెడతాడో ఇక చెప్పక్కర్లేదు. దసరాకు ముందొచ్చే పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ వరకే వ్యవధి. మర్నాడు పొద్దున్నే నల్లా దగ్గర ఆ పిల్లను పట్టుకున్నాను. బిందె నిండేలోపల చెప్పగలిగినంత చెప్పాను. ఆమె బిందె ఎత్తుకుంటూ నన్ను పురుగును చూసినట్టు చూసింది.

"మా అక్క దాదర్ల సిమెంట్ పని జేస్తది. మేస్త్రి కాక చేతికి నెలనెల పైసలిచ్చి పంపుతది. నీ సంగతి నాకు కాక పెండ్లాం, చిన్నమ్మ, చెప్పింది. ఆడోళ్ళ కథలు రాసుకుని పేపరోళ్ళకు అమ్ముతవంట గదా."

"మీ అక్కను చూపిస్తాను, వస్తావా?"

"ఏడికి? ఆ గల్లీలకా? నన్ను గూడ ఆడ అమ్ముతందుకా?" అని చరచరా వెళ్ళిపోయింది. ఆమెను తప్పుపట్టలేను. ఆమె స్థానంలో నేనుంటే నేనూ అదే అనేదాన్ని, ఇంకో రెండు తిట్లు కలిపి.

మరునాడు పొద్దున మేస్త్రీ మా గడప ముందుకొచ్చాడు, చేతిలో తంగేడు గంపతో. పెద్ద మనిషి. తెల్ల ధోవతి, నుదుట బొట్టు, చాల్ పండగ కమిటీకి అతనే ముందు నడిచేవాడు.

"బిడ్డా, మంచిగ సదువుకుంటున్నవు. చాల్‌కు పేరు తెస్తున్నవు," అన్నాడు నవ్వుతూ. "పక్క గల్లీల తిరుగుడు ఎందుకు? రేపు ఎవడన్న ఏమన్న అంటే మీ అమ్మ తలెత్తుకుంటదా?"

గంప గడప మీద పెట్టి వెళ్ళాడు. మా అమ్మ ఆ గంపను కాలితో మెట్ల దాకా నెట్టి, చేతులు కడుక్కుంది. నేను ఆమెనే చూస్తున్నాను. ఆ పిల్ల సంగతి నేను ఇంట్లో చెప్పింది అమ్మ ఒక్కదానికే. "నువ్వే చెప్పావు కదూ?" అని అడిగాను.

"నేనెందుకు చెప్త? ఉగాచ్, ఊరికెనే నా మీద పడకు," అంది. మా చాల్‌లో మాట దాగదని, గోడలు అట్టముక్కలని, నల్లా దగ్గర నేను గొణిగింది మూడో అంతస్తుకు కూడా వినిపించి ఉంటుందని నాకు తెలుసు. అయినా నమ్మలేదు. ఆ పండగ రోజులన్నీ నేను మా అమ్మ పెట్టిన అన్నం ఆమె మొహం చూడకుండా తిన్నాను.

చౌకీకి పోయాను. ఆ పిల్ల మేజరు, తనంతట తాను వచ్చింది, చుట్టాలింట్లో తిని కూర్చుంది, ఇందులో నేరమేమిటని అడిగారు. ఎవరన్నా సాక్ష్యం చెప్తారా అని అడిగారు. చాల్‌లో ఒకరిద్దరిని కదిపి చూశాను. "మాకేం ఎర్క?" అన్నారు. సంఘంలో వకీలు కూడా ఆ పిల్ల తనే వచ్చి చెప్పాలంది. ఆ పిల్ల అక్క చెప్తే తప్ప నమ్మదు. అక్క ఆ ఇల్లు దాటి రాలేదు, వచ్చినా 'ఫ్యామిలీ రూమ్'ల గడప ఎవరూ తొక్కనివ్వరు.

దారి దొరికింది మా చాల్ ఆడవాళ్ళ దగ్గరే. బతుకమ్మ పాట ఎత్తుకునే ముసలమ్మ ఆ ఏడాది మంచం పట్టింది. మిగతావాళ్ళంతా బొంబాయిలో పుట్టినవాళ్ళు. పాట మొదటి నాలుగు చరణాలు వచ్చు, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టేవారు. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటే, మిగతావాళ్ళు ఆ చరణాన్నే మళ్ళీ అంటూ గుండ్రంగా తిరగాలి, అదీ పద్ధతి. ఎత్తుకునే మనిషి లేకపోతే ఆట లేదు. అందుకని ఊరి నుంచి కొత్తగా వచ్చిన కూలివాళ్ళలో గొంతున్న మనిషిని వెతికి తెచ్చుకోవడం మాకు మామూలే.

"బిల్డింగ్ పని దగ్గర ఒకామె ఉంది, పాలమూరు మనిషి, నేను తీసుకొస్తాను," అన్నాను. అందరూ సంబరపడ్డారు. మా అమ్మ ఒక్కతే నా మొహంలోకి చూసి, "ఏ బిల్డింగే?" అని అడిగింది. నేను వినపడనట్టు అక్కణ్ణుంచి కదిలాను.

మగవాళ్ళు ఆట దగ్గరికి రారు కాబట్టి మేస్త్రీ చూడడు, ఆడవాళ్ళు గుర్తుపడతారేమోనన్న భయం నాకు లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఆ గడప మీద కూర్చుంటోంది. మా ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆ గడప ముందునుంచే బజారుకు పోతున్నారు. నేలను చూసి నడిచేవాళ్ళకు ఆమె కాళ్ళ పట్టీలు తెలిసి ఉండొచ్చేమో కానీ, మొహం ఒక్కరికీ తెలియదు.

తనకు గౌరమ్మ మొక్కు ఉందని ఆమె ఘర్‌వాలీకి చెప్పింది. ఆ ఘర్‌వాలీ మనుషులకు భయపడదు కానీ దేవతలకు భయపడుతుంది. సద్దుల రోజు సాయంత్రం కాసేపటికి సెలవిచ్చి, వెంట ఆ ఇంటి వంటామెను కాపలా పంపింది. వంటామెకు హిందీ, మరాఠీ తప్ప తెలుగు ముక్క రాదు. పక్కనుంచి కదలదు, ఎవరితోనూ మాట కలపనివ్వదు. ఇక అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకునేదెట్లా? ఒకరినొకరు చూసుకుంటే చాలు, చెల్లెలు నమ్ముతుంది, తర్వాత సంగతి నేను చూసుకుంటాను అనుకున్నాను. నా ఉపాయం అంతవరకే.

చాల్ ముందు ఖాళీ జాగాలో బతుకమ్మలన్నీ నడుమ పెట్టారు. మేస్త్రీ బతుకమ్మలను సముద్రంలో కలపడానికి చౌపాటీకి పోయే టెంపో మాట్లాడటానికి ఫోరస్ రోడ్ వైపు వెళ్ళాడు. అతని భార్య వలయంలో ఉంది, ఆమె పక్కనే ఆ పిల్ల. మా అక్క, అవును, అప్పటికి నేను ఆమెను అక్కా అనే పిలుస్తున్నాను, కొంగు ముక్కు దాకా లాక్కుని వలయంలో చేరింది. మొదట అందరికీ తెలిసిన చరణాలే ఎత్తుకుంది. ఆ గొంతుకు మా ఆడవాళ్ళు మురిసిపోయారు. "అబ్బ, ఊరి గొంతు ఊరి గొంతే," అన్నారెవరో. చప్పట్లు ఊపందుకున్నాయి. ఆ ఊపులోనే ఆమె పాట మార్చింది.

"పాలమూరి బస్సు ఉయ్యాలో, పైన పువ్వుల గంప ఉయ్యాలో."

అందరూ మళ్ళీ అన్నారు.

"పువ్వుల కిందేమొ ఉయ్యాలో, పుట్టింటి పిల్ల ఉయ్యాలో."

అందరూ మళ్ళీ అన్నారు. బాగుంది, కొత్త పాట.

"కూలిపని అన్నడు ఉయ్యాలో, కూడు పెడ్తనన్నడు ఉయ్యాలో.
పక్క గల్లిల దించి ఉయ్యాలో, పైసలు లెక్కిండు ఉయ్యాలో."

అదీ అన్నారు. వంత పాడేటప్పుడు చరణం చెవిలోంచి నోట్లోకి తిన్నగా పోతుంది, నడుమ బుర్రలో ఆగదు. ఆగేసరికి ఆలస్యమైపోయింది. వంటామె వలయం అంచునే చప్పట్లకు అనుగుణంగా తలాడిస్తూ కూర్చుంది.

"తంగేడు తెచ్చెటి ఉయ్యాలో, తండ్రనుకుంటిని ఉయ్యాలో.
తండ్రి గాదమ్మ ఉయ్యాలో, తార్చేటి మేస్త్రి ఉయ్యాలో."

వలయం తడబడింది. చప్పట్లు సగం చేతుల్లోనే ఆగాయి. మేస్త్రీ భార్య మొహం పాలిపోయింది. ఎవరూ ఆ చరణం అందుకోలేదు. అందుకోకపోతే పాట అక్కడే చచ్చిపోతుంది, దాంతోపాటు ఆ పిల్ల బతుకూ. నేను నోరు తెరిచేలోపల నా వెనకనుంచి ఒక గొంతు లేచింది. గరుకు గొంతు, శ్రుతి లేదు. "తండ్రి గాదమ్మ ఉయ్యాలో," అని మా అమ్మ అరిచినట్టుగా పాడింది. "తార్చేటి మేస్త్రి ఉయ్యాలో!" ఆమె వెంట ఇంకొకరు, ఆ పైన ఇద్దరు, తర్వాత అందరూ అన్నారు. మేస్త్రీ భార్య పెదవులు కూడా కదిలాయి. నేను కళ్ళారా చూశాను.

అప్పుడే మేస్త్రీ తిరిగొచ్చాడు. ఒక్క చరణం వింటే చాలు అతనికి. "పాట బంద్ చెయ్యిండ్రి, టెంపో వచ్చింది," అని కేక వేశాడు.

"గౌరమ్మ పాట నడుమల ఆపుతరా?" అంది మా అమ్మ, తిరగడం ఆపకుండానే. "ఆడోళ్ళ ఆటల మొగోనికేం పని? దూరముండు."

అతను దూరంగానే నిలబడాల్సి వచ్చింది. బతుకమ్మ వలయంలోకి మగవాడు అడుగుపెట్టే ధైర్యం మా చాల్‌లో అప్పటికింకా ఎవరికీ రాలేదు. అక్క కొంగు వెనక్కి తోసేసి చివరి చరణం ఎత్తుకుంది.

"గదువ మీది సుక్కలు ఉయ్యాలో, మా అమ్మ పొడిపిచ్చె ఉయ్యాలో.
నా సుక్కలు జూడవే ఉయ్యాలో, నా తోడ చెల్లెలా ఉయ్యాలో."

ఆ పిల్ల ఈ చరణాన్ని మళ్ళీ అనలేదు. నిలబడిపోయింది. తర్వాత "అక్కా" అంది, పాటలాగా కాదు, దెబ్బ తగిలినవాళ్ళు అన్నట్టు. వలయం దాటుకుని వచ్చి అక్క మెడ పట్టుకుంది. ఇద్దరి ఏడుపూ చూసి వంటామె లేచి నిలబడింది. "చలో, టైమ్ హో గయా," అంది.

"ఉండిపో అక్కా, పోవద్దు," అని నేను చెయ్యి పట్టుకున్నాను.

"నేనిప్పుడు ఆగితే ఆ ఇంటి మనుషులు ఈడికే వస్తరు. దీన్ని గూడ గుంజుకపోతరు. అమ్మవారి దగ్గరికి వచ్చిన, మల్ల పోయిన అంటే ఏమనరు. తర్వాత సూద్దాం," అంది. చెల్లెలి చెయ్యి తీసుకుని, నా చేతిలో కాదు, మా అమ్మ చేతిలో పెట్టింది. పాలవాణ్ణి కూడా గడప బయటే నిలబెట్టే మా అమ్మ ఆ పిల్లను తీసుకుని మెట్లెక్కి, ఖోలీలోకి పోయి, లోపల గొళ్ళెం పెట్టుకుంది. మేస్త్రీ మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు. ఆడవాళ్ళందరూ అతన్నే చూస్తున్నారు.

ఆ రాత్రి అన్నం తింటూ, చాలా రోజుల తర్వాత మా అమ్మ మొహం చూశాను.

"నీకు ముందే తెలుసా?"

"తెల్వది. డౌట్," అంది. "ఎన్కట ఒక పిల్లొచ్చింది పువ్వులతోని. నాతోని దోస్తీ చేసింది. దసరా అయినంక ఏది ఆ పిల్ల అంటే, పుణెల పనికి పెట్టిన అన్నడు. పనికి పోయిన పిల్ల చెప్పులు ఇడిసిపెట్టి పోతదా? ఆయన గడప కాడ్నే ఉండె చెప్పులు. ఆనాటి సంది ఆయన పువ్వు ముట్టలే."

"మరి ఎవరికీ చెప్పలేదేమే?" నాకు కోపం ఆగలేదు. అన్ని ఏళ్ళు, అన్ని గంపలు, అంతమంది ఆడపిల్లలు. మా అమ్మ ఆ పిల్ల కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

తర్వాత చూడాల్సిన ఆ సంగతి తర్వాత జరగలేదు. దసరా వెళ్ళాక నేను ఆ గల్లీకి పోతే గడప మీద ఆమె లేదు. ఊరికి పోయిందని ఘర్‌వాలీ అంది. మిగతా ఆడవాళ్ళనూ అడిగాను. అందరిదీ ఒకటే మాట: "ఊరికి వాయె." ఆ మాట ఎవరు నేర్పారో ఈసారి నాకు తెలుసు. ఊరికి పోలేదని మనిషిని పంపి కనుక్కున్నాం. సంఘం తరఫున వకీలును తీసుకుని చౌకీకి పోయాను. ఆమెను ఈ మేస్త్రీయే తెచ్చాడని, తప్పిపోయిన మనిషిని వెతకాలంటే ముందు ఇతన్ని అడగాలని రాసిచ్చాం. చెల్లెలు చెప్పింది, కానీ అక్కను తీసుకురావడం ఆమె కళ్ళతో చూడలేదు. చాల్ మొత్తానికీ తెలుసు, అందరి నోటా విన్నాను అని నేనన్నాను. ఇన్‌స్పెక్టర్ చాల్‌కు వచ్చి ఆడవాళ్ళను వరసగా అడిగాడు.

"పాటనే గద సాబ్. ఆమె అన్నది, మేం మల్ల అన్నం."

మొదటామె అలా అంది. రెండో ఆమె కూడా అదే. చివరి ఆమె దాకా ఒక్క అక్షరం మారలేదు. మేస్త్రీ అప్పుడు అక్కడే కుర్చీలో కూర్చుని ఇన్‌స్పెక్టర్‌కు చాయ్ తెప్పించాడు.

మా అమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. చెప్పులు చూసిన సంగతి, అప్పటి నుంచి అతని పువ్వులు తీసుకోని సంగతి వచ్చీరాని హిందీలో చెప్పింది. ఇన్‌స్పెక్టర్ ఓపిగ్గానే విని, "అమ్మా, పువ్వులు తీసుకోకపోవడం సాక్ష్యం ఎట్లా అవుతుంది?" అని అడిగాడు. చాల్ ఆడవాళ్ళలో కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వినవాళ్ళెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఏడాదంతా వెతికాను. ఫోరస్ రోడ్ ఇళ్ళు, ఆస్పత్రి వార్డులు, పుణె వెళ్ళే సంఘం మనుషుల ద్వారా అక్కడి గల్లీలు. ఎవరు ఏం చెప్పినా సగమే నమ్మాను. చెల్లెలు మా ఇంట్లోనే ఉండిపోయింది. సంఘం ఆఫీసు పక్కన కుట్టుపని నేర్చుకుని, అక్కడే పనికి కుదిరింది. ప్రతి ఆదివారం నేను వెతికి తిరిగొచ్చాక నా మొహం చూసేది, అడిగేది కాదు. నా పరిశోధన పూర్తయింది, పట్టా కూడా వచ్చింది. దాన్ని చూసి అందరిలో ఎక్కువ సంతోషపడింది గైడు సారే.

మళ్ళీ పెత్రమాస వచ్చింది. మేస్త్రీ ఎప్పటిలాగే బస్సు మీద గంపలు దింపాడు. ఈసారి వెంట ఊరి ఆడపిల్లలెవరూ రాలేదు, లేదా మా చాల్‌లో దింపలేదు. పువ్వులు తీసుకోవడానికి ఆడవాళ్ళు తాము పోకుండా తమ చిన్నపిల్లలను పంపారు. మా అమ్మ గ్రాంట్ రోడ్ పోయి బంతిపూలు తెచ్చింది.

పాట ఎత్తుకునే ముసలమ్మ అప్పటికి కాలం చేసింది. సద్దుల రోజు సాయంత్రం ఆడవాళ్ళు నలుగురు మా గడప దగ్గరికొచ్చారు. చెల్లెలు లోపల మా అమ్మ పక్కన కూర్చుని బంతిపూల కాడలు తుంచుతోంది.

"మీ అక్క లెక్క నీకు గూడ గొంతుందంట గదా బిడ్డా," అన్నారు. "నువ్వెత్తుకో, మేం అంటం."

ఆ పిల్ల తల ఎత్తలేదు. కాడ తుంచి, పువ్వును తాంబాళంలో పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"నేను పాడ," అంది. "మీరు అందరు మల్ల అంటరు. ఆ తర్వాత అనలే అంటరు."

వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఆ ఏడాది మా చాల్‌లో కమిటీవాళ్ళు టేప్‌రికార్డర్ తెచ్చి, కుర్చీ మీద పెట్టి, క్యాసెట్ వేశారు. ఆడవాళ్ళు దాని చుట్టూ తిరిగారు.